ఏడాది నుంచి మూడేళ్ల పిల్లల్ని ఇంటికి ఆటకు పిలవడం ఎలా? కర్నూలు ఇళ్లలో, కర్నూలు ఎండల్లో

"అక్కా, మావాడికి ఇంట్లో ఆడుకోవడానికి ఇంకో పిల్లలు లేరు. ఇద్దరు ముగ్గురిని పిలుద్దామంటే ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు." సి క్యాంపు రైతుబజారులో కూరగాయలు ఏరుకుంటుంటే ఒకరు అడిగారు. టీకా వేయించే రోజు ఆస్పత్రి బెంచీ మీద ఇంకొకరు అడిగారు. మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే పక్క మిద్దె నుంచి మరొకరు. అడిగేవాళ్లు మారుతున్నారు గానీ ప్రశ్న అదే. అందుకే నాకు తెలిసిందంతా ఒక్కచోట రాసి పెడుతున్నాను.

మా వీధిలో మేం కొందరం మూడేళ్లుగా నెలకు రెండుసార్లు ఇలా కలుస్తున్నాం. మొదటిసారి నేను ఏడుగురు పిల్లల్ని, వాళ్ల అమ్మల్ని, ఇద్దరు అవ్వల్ని కలిపి పొద్దున 11 గంటలకు మా హాల్లోకి పిలిచాను. అరగంట తిరక్కముందే నలుగురు ఏడుస్తున్నారు. ఒక పాప నిద్ర ఆపుకోలేక తల నేలకేసి కొట్టుకుంది. వాళ్లమ్మ అందరి ముందూ చిన్నబోయి, చెప్పులు చేతిలో పట్టుకునే వెళ్లిపోయింది. ఆమెను మళ్లీ రప్పించడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ రోజు నేను చేసిన పొరపాట్లు మీరు చేయకూడదు, అంతే నా కోరిక.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం తెలిస్తే చాలు. ఈ వయసు పిల్లలు కలిసి ఆడరు, పక్కపక్కన ఆడతారు. ఒకడు గిన్నెలో గరిటె తిప్పుతుంటాడు, పక్కనున్న పాప డబ్బా మూత తీసి పెడుతుంటుంది. ఇద్దరూ మాట్లాడుకోరు, ఒకరి మొహం ఒకరు చూడరు. అయినా ఒకరు లేచి వెళ్తే రెండోవాళ్లు తలెత్తి వెతుక్కుంటారు. పిల్లలు పక్కపక్కన ఆడే ఈ తీరును మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే అమెరికా పరిశోధకురాలు 1932లోనే వివరంగా రాశారు. కాబట్టి "వీళ్లు కలవట్లేదే" అని దిగులు పడకండి. కలిసిపోయి ఆడటం మూడేళ్లు దాటాక నెమ్మదిగా వస్తుంది.

కావలసినవి

కొనాల్సినవి పెద్దగా ఏమీ లేవు. నేను ఖర్చు పెట్టేది పండ్లకు, పాలకు మాత్రమే.

- రెండు చాపలు లేదా బొంతలు: పిల్లలకు ఒకటి, పెద్దవాళ్లకు ఒకటి
- స్టీలు గిన్నెలు, గరిటెలు, మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు: ప్రతి వస్తువూ పిల్లల లెక్కకు ఒకటి ఎక్కువ
- రెండు మూడు ఖాళీ అట్టపెట్టెలు (టీవీది, మిక్సీది ఏదైనా)
- గోధుమపిండి ముద్ద, చిటికెడు పసుపుతో
- వెడల్పాటి టబ్బు, రెండు చెంబులు, పాత తువ్వాళ్లు
- కాచి చల్లార్చిన నీళ్లు, మెత్తటి తిండి
- సబ్బు, దూది, కొత్త బ్యాండేజీలు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు
- మీరు కాక, ఇంకొక పెద్ద మనిషి

చివరిది మర్చిపోకండి. ఇంట్లో మీరొక్కరే ఉండి తలుపు తీయడం, టీ పెట్టడం, పిల్లల్ని చూడటం మూడూ చేయలేరు. భర్త, అత్తగారు, చెల్లెలు, ఎవరో ఒకరు ఆ గంటన్నర మీ పక్కన ఉండాలి.

1. ఎంతమంది?

మొదటిసారి ఒక్క జంట చాలు. మీ బిడ్డ, ఇంకో బిడ్డ, ఇద్దరు అమ్మలు. రెండుసార్లు బాగా జరిగాక మూడో బిడ్డను కలపండి. ఇంట్లో చేసేటప్పుడు నలుగురు పిల్లలు దాటకూడదన్నది నా అభిప్రాయం. నాలుగు దాటితే ఏడుపు అంటుకుంటుంది. ఒకరు మొదలుపెడితే మిగతా అందరూ అందుకుంటారు.

వయసులో ఆరేడు నెలల తేడా ఉంటే ఫరవాలేదు. పధ్నాలుగు నెలల పాప, మూడేళ్ల పిల్లోడు ఒకే చాప మీద ఉంటే మాత్రం పెద్దోడు పరిగెడతాడు, చిన్నది కింద పడుతుంది. అక్కలు, అన్నలు వెంట వస్తే కాదనలేం కదా. వాళ్లకు వేరే పని ఇవ్వండి. సుద్దముక్కలు ఇచ్చి మిద్దె మీద బొమ్మలు వేయమంటే సంతోషంగా వెళ్తారు, తోడు ఒక పెద్దమనిషి ఉండాలి.

2. వేళ

మన ఊళ్లో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. మార్చి ఆఖరు నుంచి జూన్ మొదటి వారాల దాకా పొద్దున 9 దాటితే బయట ఏ ఆటా వద్దు. ఆ నెలల్లో మేం 7:15కి కలిసి 8:30కి విడిపోతాం. సాయంత్రం 6 తర్వాత పెట్టొచ్చు గానీ, పగలంతా కాలిన మిద్దె బండలు చీకటి పడ్డాక కూడా వేడిగానే ఉంటాయి. మీ అరచేతిని బండ మీద పెట్టి పది లెక్కపెట్టండి. మీరు చేయి తీసేస్తే పిల్లల పాదాలు అక్కడ పెట్టకూడదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున 9:30 నుంచి 11 వరకు ఎంతో హాయిగా ఉంటుంది.

ఎండ తర్వాత నిద్ర. వచ్చే పిల్లలందరి పగటి నిద్ర ఎప్పుడో ముందే అడిగి, దానికి కనీసం గంట ముందు ముగిసేలా పెట్టుకోండి. మొదటిసారి నేను చూసుకోనిది ఇదే. ఆ పాప రోజూ 11:30కి పడుకుంటుంది, నేను 11కి రమ్మన్నాను. పాపలో ఏ తప్పూ లేదు, వాళ్లమ్మ పెంపకంలో ఏ లోపమూ లేదు.

గంటన్నర చాలు. బాగా ఆడుతున్నారు కదా అని ఇంకో అరగంట సాగదీస్తే ఆ అరగంటలోనే అన్ని గొడవలూ వస్తాయి.

రంజాన్ నెలలో ఉపవాసం ఉండే అక్కచెల్లెళ్లను సాయంత్రం పిలవకండి. ఇఫ్తార్ పనిలో ఉంటారు, నీరసంగానూ ఉంటారు. వాళ్లనే అడిగితే వీలైన వేళ చెబుతారు.

3. చోటు

ఇల్లే మంచిది. మీ బిడ్డ తన వస్తువులు పంచుకోలేక బాగా ఏడుస్తుందంటే మీ ఇంట్లో కాకుండా వాళ్ల ఇంట్లో మొదలుపెట్టండి, లేదా దగ్గర్లోని కాలనీ పార్కుకు వెళ్లండి. పార్కులో జారుడుబల్ల ఇనుపదైతే ఎక్కించే ముందు చేత్తో తాకి చూడండి. ఉయ్యాలల ముందు, వెనక పిల్లల్ని నిలబడనివ్వకండి.

కొండారెడ్డి బురుజు దగ్గర కలుద్దామని చాలామంది అంటుంటారు. ఫొటోకు బాగుంటుంది. కానీ చుట్టూ ట్రాఫిక్, లోపలంతా మెట్లు. చేయి వదిలిపెట్టి పరిగెత్తే వయసు పిల్లలకు అది చోటు కాదు. తుంగభద్ర ఘాట్లు కూడా అంతే. గార్గేయపురం నగరవనానికి సెలవు రోజు కుటుంబాలతో వెళ్లొచ్చు, పక్కనే చెరువు ఉంది కాబట్టి ఒక్కో బిడ్డకు ఒక్కో పెద్దమనిషి ఉంటేనే.

4. ఎలా పిలవాలి

ఫోన్లో మాట్లాడాక, వివరాలు వాట్సాప్‌లో కూడా పెట్టండి. మొహమాటం లేకుండా అన్నీ ముందే రాసేస్తే తర్వాత ఎవరికీ బాధ ఉండదు. నేను పంపేది ఇలా ఉంటుంది:

"వదినా, శనివారం పొద్దున 9:30కి పాపను తీసుకుని మా ఇంటికి రండి. 11కి ముగించేద్దాం, పాప నిద్రకు అడ్డం రాదు. ఏమీ తేవద్దు, బొమ్మలు, స్వీట్లు అసలు వద్దు. పాపకు పడని తిండి ఏదన్నా ఉంటే చెప్పండి. కోడిగుడ్డు తింటుందా? జలుబు, జ్వరం, విరేచనాలు ఉంటే మొహమాటపడకండి, వచ్చే వారం పెట్టుకుందాం. మా వాడికి బాగాలేకపోయినా నేనూ అలాగే చెప్తాను."

ఆ చివరి మాట ముఖ్యం. "మీ పాపకు జలుబు ఉంటే రావద్దు" అంటే ఎవరికైనా మనసు కష్టపడుతుంది. మా వాడికీ అదే నియమం అన్నప్పుడు ఎవరూ తప్పుగా తీసుకోరు. జ్వరం విషయంలో మేం పాటించేది: మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకపోతేనే రావాలి. కళ్లు ఎర్రబడి కారుతున్నా, నోటి చుట్టూ, అరచేతుల్లో, పాదాల మీద పొక్కులు కనిపించినా ఆగిపోవాలి.

5. ఇంటిని సిద్ధం చేయడం

ముందు రోజు రాత్రి పిల్లలంత ఎత్తులో, మోకాళ్ల మీద, ఇల్లంతా ఒకసారి తిరగండి. నిలబడి చూస్తే కనిపించనివి అప్పుడు కనిపిస్తాయి. సోఫా కింద పడిన మాత్ర, దివాన్ కాలికి పైకి తేలిన మేకు, ఫ్రిజ్ వెనక వేలాడే వైరు, చేతికందే టేబుల్‌క్లాత్ అంచు.

వరుసగా చూసుకోవాల్సినవి:

నీళ్లు. మన ఇళ్లలో నీళ్లు నిల్వ పెట్టుకోక తప్పదు. సంపు, డ్రమ్ములు, బకెట్లు. సంపు మూత బరువైనదై, గట్టిగా బిగిసి ఉండాలి. దాని మీద ఏదైనా బరువు పెట్టండి. బాత్రూంలో బకెట్లన్నీ ఖాళీ చేసి బోర్లించండి, తలుపుకు పైన గడియ వేయండి. ఈ వయసు బిడ్డకు తల బరువు ఎక్కువ. బకెట్లోకి వంగి పడితే తిరిగి లేవలేదు, అరవలేదు, చప్పుడు కూడా రాదు. రెండు మూడు అంగుళాల నీళ్లలో కూడా ప్రాణం పోతుంది. అందుకే సంపు మూత నేను రాత్రి ఒకసారి, పొద్దున వాళ్లు వచ్చే ముందు ఒకసారి చేత్తో కదిపి చూస్తాను.

నేల. మన ఊళ్లో చాలా ఇళ్లలో బేతంచెర్ల బండలు, కడప బండలు. పాలిష్ పట్టినవైతే నాలుగు చుక్కల నీళ్లు పడినా జారిపోతారు. పిల్లలకు సాక్సులు తీసేయండి, ఉత్త పాదాలే పట్టు ఇస్తాయి. తడి తుడవడానికి పొడి గుడ్డ ఒకటి మీ భుజం మీదే ఉంచుకోండి.

చిన్న వస్తువులు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టండి. ఆ సున్నాలో దూరే వస్తువు ఏదైనా పిల్లల గొంతులో ఇరుక్కోగలదు. నాణేలు, గుండీలు, గోలీలు, పూసలు, పెన్ను మూతలు, బొట్టుబిళ్లల డబ్బా, రిమోట్‌లో, ఆట బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీలు అన్నీ బీరువాలోకి. బిళ్ల బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే లోపల కాలి పుండు పడుతుంది. అనుమానం వస్తే వాంతి చేయించకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లండి. బెలూన్లు కట్టకండి. పగిలిన ముక్క నోట్లో పెట్టుకుంటే ఊపిరికి అడ్డం పడుతుంది.

మిద్దె. మెట్ల తలుపుకు తాళం. గోడ ఎత్తుగానే ఉంది కదా అనుకుంటాం, దాని పక్కన ఒక ఖాళీ కుండీ ఉంటే చాలు, ఎక్కేస్తారు.

ఫినాయిల్, యాసిడ్, ఆలౌట్ సీసాలు, పూజగదిలో అగ్గిపెట్టె, కర్పూరం పైకి పెట్టండి. కర్పూరం తెల్లగా పటికబెల్లం ముక్కలా ఉంటుంది, కొంచెం మింగినా ఫిట్స్ వస్తాయి.

ఆఖరుగా, మీ బిడ్డకు ప్రాణమైన బొమ్మ. దాన్ని బిడ్డకు చూపించి, "దీన్ని దాచిపెడదామా? వాళ్లు వెళ్లాక తీసుకుందాం" అని చెప్పి బిడ్డ చేత్తోనే బీరువాలో పెట్టించండి. ఈ ఒక్క పనితో సగం ఏడుపులు తగ్గుతాయి.

6. ఆట

వచ్చిన మొదటి పది నిమిషాలు ఏమీ చేయకండి. కొత్త ఇంటికి వచ్చిన బిడ్డ తల్లి కొంగు పట్టుకునే ఉంటుంది. "రా రా, ఆడుకో, సిగ్గెందుకు?" అని చేయి పట్టి లాగితే ఇంకా ముడుచుకుపోతుంది. గిన్నెలు చాప మీద పెట్టి మీరు పక్కకు జరగండి. చప్పుడు వినిపిస్తే అదే వస్తుంది.

ఒకేసారి అన్నీ బయట పెట్టకండి. మూడు ఆటలు, ఒకదాని తర్వాత ఒకటి. మొదటిదాని మీద ఆసక్తి తగ్గాకే రెండోది తీయండి.

మొదట గిన్నెలు, మూతలు. మా ఇంట్లో ఎన్నిసార్లు చేసినా విసుగు రానిది ఇదే. రెండేళ్ల పాప ఒకతె స్టీలు డబ్బా మూత పెట్టి, తీసి, పెట్టి, తీసి, మధ్యలో లోపలికి తొంగి చూసి, మళ్లీ పెట్టి, ఇరవై నిమిషాలు అదే చేసింది. ఒక్కోసారి మూత సరిగ్గా పడితే తల్లి వైపు తిరిగి చూసేది. తల్లి తల ఊపేది. అంతే ఆట.

తర్వాత పిండి ముద్ద. ఒకటిన్నర కప్పు గోధుమపిండి, చెంచా నూనె, పసుపు, సరిపడా నీళ్లు పోసి చపాతీ పిండి కంటే కొంచెం గట్టిగా కలపండి. పచ్చి పిండి తింటే కడుపు పాడవచ్చు, కాబట్టి తిననివ్వకండి. ఉప్పు ఎక్కువ వేసి కలపమని చెబుతుంటారు, ఈ వయసుకు వద్దు, నోట్లో పెట్టుకుంటారు. గోధుమ పడని బిడ్డ ఉంటే బియ్యపు పిండిని వేడినీళ్లతో కలిపి చల్లార్చండి.

ఆఖరుకు నీళ్లు, ఎండాకాలమైతేనే. టబ్బులో మూడు వేళ్ల లోతు చాలు. ఒక పెద్దమనిషి టబ్బు పక్కనే కూర్చుని, చేయి చాపితే బిడ్డ అందేంత దూరంలో ఉండాలి. ఫోన్ చేతిలో ఉండకూడదు. తలుపు కొట్టినా, కుక్కర్ కూసినా లేవాలంటే పిల్లల్ని ముందు బయటికి తీసి, అప్పుడు లేవాలి. ఆట అయిపోగానే ఆ నీళ్లు తులసి కోటలోనో, కరివేపాకు చెట్టుకో పోసి టబ్బు బోర్లించండి. నీళ్లకు కటకటగా ఉన్న రోజుల్లో ఈ ఆట మానేసి అట్టపెట్టెలు ఇవ్వండి, అందులో దూరి కూర్చోవడం కూడా వాళ్లకు అంతే ఇష్టం.

వీధిలో ఇల్లు కట్టడానికి పోసిన ఇసుక కుప్ప ఉంటే పిల్లలు ఎగబడతారు. ముందు మీరే చేత్తో కలియబెట్టి చూడండి. మేకులు, గాజు పెంకులు, కుక్కలు పిల్లులు చేసిన పాడు ఉంటాయి. శుభ్రమైన ఇసుక నాలుగు చెంబులు టబ్బులో పోసుకుని వాడుకోవడం మేలు.

టీవీ, ఫోన్ వీడియోలు పెట్టకండి. రెండేళ్ల లోపు పిల్లలకు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంటకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అదలా ఉంచి, ఒక్క ఫోన్ వెలిగితే నలుగురూ దాని చుట్టూ చేరి గిన్నెలు వదిలేస్తారు, ఆర్పేస్తే నలుగురూ ఏడుస్తారు.

7. తిండి

ఆట మధ్యలో, గంట గడవక ముందే పెట్టండి. ఆకలి మీద ఉంటే పిల్లలు చిరాకుపడి కొరకవచ్చు.

పెట్టదగినవి: అరటిపండు, ఉడికించి చిదిమిన గెనుసుగడ్డ, మెత్తటి ఇడ్లీ, చల్లారిన రాగిజావ, పెరుగన్నం, పచ్చిమిర్చి లేకుండా చేసిన ఉగ్గాని. ఉగ్గానిలో బొరుగులు నానిపోయి మెత్తగా ఉంటాయి. పొడి బొరుగులు గుప్పెడు నోట్లో కుక్కుకుంటే మాత్రం పొలమారుతుంది. ఏడాది లోపు చంటిబిడ్డ వెంట వస్తే దానికి తేనె నాకించకండి.

పెట్టకూడనివి: బుడ్డలు. మన రాయలసీమలో వేరుశనగ లేని ఇల్లు ఉండదు, అవ్వలు ప్రేమతో వలిచి పిల్లల నోట్లో పెడతారు. విత్తనం అలాగే ఊపిరి గొట్టంలోకి పోయే ప్రమాదం ఉంది. నాలుగేళ్లు దాటే దాకా గింజగా పెట్టకండి. మెత్తగా నూరిన పొడి అన్నంలో కలిపి పెట్టొచ్చు. వేయించిన శనగలు, చెక్కిలాలు, గట్టి చాక్లెట్లు, పాప్‌కార్న్ కూడా వద్దు. ద్రాక్షపండును నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. సీతాఫలాల కాలంలో గింజలన్నీ మీరే తీసి గుజ్జు మాత్రమే గిన్నెలో ఇవ్వండి.

అవ్వకు ఈ విషయం నలుగురిలో చెప్పకండి. పక్కకు పిలిచి, "అవ్వా, డాక్టరు గింజలు పెట్టొద్దన్నారు. మీరు అరటిపండు చిదిమి పెడతారా?" అని ఆమెకు ఆ పని అప్పగించండి. ఆమె చేతి తిండి ఆగకూడదు, గింజ మారితే చాలు.

తినేటప్పుడు అందరూ కూర్చునే తినాలి. నోట్లో ముద్ద పెట్టుకుని పరిగెత్తనివ్వకండి.

గొంతుకు అడ్డం పడితే: బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గు, ఏడుపు, మాట ఏదీ రాకపోతే వెంటనే ముందుకు వంచి, వీపు మీద రెండు భుజపు రెక్కల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా కొట్టండి. రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకు కొంచెం పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ 5 సార్లు నొక్కండి. వస్తువు బయటపడే దాకా మార్చి మార్చి చేయండి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి, 108 వాళ్లు ఫోన్లో చెప్పినట్టు గుండె నొక్కడం మొదలుపెట్టండి. ఏడాది లోపు బిడ్డకు పొట్ట నొక్కకూడదు, రొమ్ము ఎముక మీద నొక్కాలి. కంటికి కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకకండి, ఇంకా లోపలికి పోతుంది.

8. పెద్దవాళ్ల చాప

దీని గురించి ఎవరూ అడగరు. కానీ తల్లులు మళ్లీ రావాలా వద్దా అన్నది ఇక్కడే తేలుతుంది. ఆదోని నుంచో, నంద్యాల నుంచో బదిలీ మీద వచ్చి, పొద్దున నుంచి రాత్రి దాకా బిడ్డతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడని అమ్మలు మన వీధుల్లోనే ఉన్నారు. వాళ్లకు ఈ గంటన్నర మందులాంటిది.

అందరూ అన్నివేళలా పిల్లల వెంట తిరిగితే ఎవరూ కూర్చోలేరు. మేం వంతులు పెట్టుకున్నాం. పది నిమిషాలు ఇద్దరు పిల్లల చాప దగ్గర, మిగతావాళ్లు పెద్ద చాప మీద. తర్వాత మారతారు. వంతు ఎవరిదో నోటితో చెప్పండి: "ఇప్పుడు నేను చూస్తున్నా." ఈ మాట అనకపోతే "ఆమె చూస్తోందిలే" అని ఇద్దరూ అనుకుంటారు, ఎవరూ చూడరు. నాన్నలు వస్తే వాళ్లకూ వంతు ఉంటుంది. సెలవు రోజు పెడితే వస్తారు కూడా.

టీ ఫ్లాస్కులోనే ఉంచి, మూతున్న కప్పుల్లో పోయండి. ఒళ్లో బిడ్డను పెట్టుకుని వేడి టీ తాగకండి. ఒకవేళ ఒలికితే, కాలినచోట కొళాయి నీళ్లు 20 నిమిషాలు ధారగా పోయండి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు రాయకండి.

ఇంకొకటి, పిల్లల్ని పోల్చకండి. "మా వాడు పది నెలలకే నడిచాడు, మీ పాప ఇంకా పాకుతోందే" అన్న ఒక్క మాటకు ఆ తల్లి రాత్రంతా నిద్రపోదు. మీకు నిజంగా ఏదైనా తేడా కనిపిస్తే, పిలిచినా తిరిగి చూడటం లేదనో, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి అనడం లేదనో అనిపిస్తే, తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు మెల్లగా చెప్పి పిల్లల డాక్టరుకు చూపించమనండి.

9. లాగులాట, కొరకడం

మొన్న వచ్చిన ఇద్దరు పిల్లల మధ్య ఆరు గరిటెలు ఉన్నాయి. ఇద్దరికీ కావలసింది ఒకటే, వంకర పిడి గరిటె. బాబు గరిటె కాడ పట్టుకున్నాడు, పాప గరిటె తల పట్టుకుంది. ఇద్దరూ కదలట్లేదు, మొహాలు ఎర్రబడుతున్నాయి. ఇద్దరు అమ్మలూ ఒకేసారి "ఇచ్చేయి నాన్నా, మంచోడివి కదా", "వద్దులే తల్లీ, వదిలేయి" అన్నారు. అంతే, ఇద్దరూ ఏడుపు.

ఆ మాటలు పనిచేయవు. రెండేళ్ల బిడ్డకు "నాది" అన్నది అప్పుడే తెలుస్తోంది, ఇవ్వడం ఇంకా తెలియదు. కిందికి కూర్చుని, వాళ్ల ఎత్తులో, ఉన్నది ఉన్నట్టు చెప్పండి: "ఇద్దరికీ ఈ గరిటే కావాలి." ఆగండి. పది లెక్కపెట్టేంత సేపు. చాలాసార్లు ఒకరు వదిలేస్తారు. వదలకపోతే ఇంకో గరిటెతో గిన్నె మీద మీరు చప్పుడు చేయండి, చూపు అటు తిరుగుతుంది. మరీ పెనుగులాడితే ఆ వస్తువును చాప మీద నుంచి తీసేయండి, ఎవరికీ ఇవ్వకండి.

కొట్టినా, కొరికినా, జుట్టు పీకినా ముందు దెబ్బ తగిలిన బిడ్డ దగ్గరికి వెళ్లండి. కొరికిన బిడ్డను తిట్టడం, తిరిగి కొరకడం, "సారీ చెప్పు" అని నిలబెట్టడం వద్దు. "కొరికితే నొప్పి. ఇలా రా" అని చేయి పట్టి రెండు నిమిషాలు తల్లి ఒళ్లో కూర్చోబెడితే చాలు. పంటి గాటు పడితే సబ్బు నీళ్లతో కడగండి. చర్మం తెగితే డాక్టరుకు చూపించండి. కొరికిన బిడ్డ తల్లికి ఆ క్షణంలో ఎంత సిగ్గుగా ఉంటుందో గుర్తు పెట్టుకుని, ఆమెతో మీరే ముందు మాట్లాడండి.

10. ముగించడం

పది నిమిషాల ముందే చెప్పండి. "ఇంకొక్కసారి మూత పెట్టి, డబ్బాలు సంచిలో వేద్దాం." పిల్లల చేతే వేయించండి, సగం బయటే వేసినా సరే. ప్రతిసారీ ఒకే పాటతో ముగిస్తే నాలుగోసారికి ఆ పాట వినగానే లేస్తారు. చేతులు సబ్బుతో కడిగి పంపండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పుట్టినరోజులా మార్చేయడం. కేకు, బెలూన్లు, రిటర్న్ గిఫ్టులు మొదలైతే తర్వాతి వంతు వచ్చినామెకు టెన్షన్ పట్టుకుంటుంది, రెండు నెలల్లో అందరూ మానేస్తారు. మా దగ్గర నియమం ఒక పండు, ఒక మెత్తటి వంటకం, టీ. అంతకు మించి ఎవరూ చేయకూడదు, స్తోమత ఉన్నా సరే.

ఇల్లు సర్దలేదని పిలవకపోవడం. సంపు మూత బిగిసి ఉంటే చాలు, మడతపెట్టని బట్టలు ఎవరూ చూడరు.

ప్రతిసారీ ఒకరింట్లోనే పెట్టడం. వంతులవారీగా తిరగాలి. ఇల్లు మరీ ఇరుకైతే ఆ వంతు పార్కులో పెట్టుకోవచ్చు.

పిల్లల ఫొటోలు అడగకుండా స్టేటస్‌లో పెట్టడం. ఒక్కొక్కరినీ అడగండి, ఒకరు వద్దన్నా పెట్టకండి.

బాగా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఏడుపు రాలేదా అని చూడకండి, వస్తుంది. వచ్చిన ఏడుపు ఐదు నిమిషాల్లో ఆగి బిడ్డ మళ్లీ గిన్నెల దగ్గరికి వెళ్లిందా చూడండి. ఆ మధ్యాహ్నం రోజూలాగే తిని, పడుకుందా? చిరాకు సాయంత్రం దాకా ఉంటే ఈసారి పావుగంట తగ్గించండి, లేదా ఒకరిని తక్కువ పిలవండి. రెండు మూడు రోజుల తర్వాత మీ బిడ్డ ఆ పాప పేరు వచ్చీరాని మాటల్లో అంటే చాలా బాగా జరిగినట్టే.

పెద్దవాళ్ల వైపు నేను చూసేది ఒకటే: ప్రతి తల్లీ తన టీ వేడిగా ఉన్నప్పుడే తాగగలిగిందా? చల్లారిన కప్పు మిగిలిందంటే ఆమెకు కూర్చునే వంతు రాలేదని అర్థం. తర్వాతిసారి మొదటి పది నిమిషాలు ఆమెనే కూర్చోబెట్టండి.

వాకిట్లో చెప్పులు వేసుకుంటున్నప్పుడే తర్వాత ఎవరింట్లో, ఏ శనివారమో అడిగేయండి. ఇంటికి వెళ్లాక ఫోన్లో అడుగుదాం అనుకుంటే నెల గడిచిపోతుంది.